వాచీ అద్దం కింద మంచు

దేవుడు మనిషికి గోళ్లిచ్చింది దురద పుడితే గోక్కోవడానికా, లేక గోళ్లు ఊరికే పడుంటాయని వాటికి పని కల్పించడానికి దురద ఇచ్చాడా అన్న అనుమానం వాచీలాయన్ని కొన్నేళ్లుగా పట్టుకుని వదలడం లేదు. ఎవరినీ అడగలేదు. తోటివాళ్లని అడిగితే నవ్వుతారు. భార్యని అడిగితే ముందు తల మీంచి చెయ్యి తియ్యమంటుంది. ఇక మిగిలింది దేవుడే. పొద్దున్నే స్నానం చేసి ఆయన ముందు కూర్చుని కళ్లు మూసుకోగానే చెవి పైభాగాన సన్నగా మొదలయ్యేది, దారి తప్పిన చీమొకటి జుట్టులో ఇల్లు వెతుక్కుంటున్నట్టు. పళ్లు బిగబట్టి ఓర్చుకునేవాడు. చీమ కాస్తా చీమలబారు అయ్యేది. దండం పెట్టిన చేతుల్లో ఒకటి తనకు తెలియకుండానే లేచి తల మీదికి పోయేది. ఒంటిచేతి దండం దేవుడి దాకా చేరుతుందా అన్నది ఆయన రెండో అనుమానం.

నాలుగు వీధులు కలిసే చోట ఉన్న పెద్ద వాచీల దుకాణంలో, వెనక అద్దాల గదిలో కూర్చుని రిపేర్లు చేస్తాడాయన. అందరూ వాచీలాయన అనే పిలుస్తారు. నెమ్మదైన మనిషి, పనితనం ఉన్న చెయ్యని పేరు. ఆ పేరంతా ఇప్పుడు తలలోంచి రాలిపోతోంది.

ఇంట్లో జరగని వైద్యం లేదు. అత్తగారు నిమ్మచెక్క రుద్దమంది. గోకి గోకి పుండైన చోట నిమ్మరసం తగిలి కళ్లల్లో నీళ్లు తిరిగితే, "మండుతోందంటే పనిచేస్తోందన్నమాట నాయనా" అని ధైర్యం చెప్పింది. మర్నాడు పెరుగు పట్టించారు. తర్వాత ఉల్లిపాయ రసం. ఆ వారం బస్సులో ఆయన పక్క సీటు ఖాళీగానే ఉండేది. క్షౌరశాల అతను తల వంచి చూసి, మాడు ఎండిపోయింది, నూనె చాలడం లేదు అని తేల్చాడు. నూనె పెట్టాడు. చొక్కా కాలరు జిడ్డోడింది, దిండు జిడ్డోడింది, చుండ్రు మాత్రం నూనె తాగి బలిసింది. ఒక సబ్బు, ఒక షాంపూ, ఇంకో షాంపూ. ఏది వాడినా మొదటిరోజు హాయిగా ఉండేది. రెండోరోజుకి దురద కొత్త మందుతో పరిచయం చేసుకుని మళ్లీ తన పని తాను చూసుకునేది.

"మీ తలకి వంటిల్లంతా రుచి చూపించాం, ఇక ఉప్పూ కారమే మిగిలాయి" అంది భార్య, దిండుగలీబు మారుస్తూ. ఆవిడకి వేరే ఫిర్యాదు కూడా ఉంది. ఎన్నిసార్లు ఉతికినా ఆ గలీబు పెట్రోలు కంపు కొడుతోందని. రోజంతా వాచీల చక్రాలు పెట్రోల్లో కడిగే చేతులకి గులాబీల వాసన ఎక్కడిదని ఆయన కసిరాడు. ఈ మధ్య ఊరికే కసురుతున్నాడు. అదీ ఆయనకు దిగులే.

ఒక్క సెలవురోజు మాత్రం నయం. ఆ రోజు దుకాణం ఉండదు కనుక దేవుడి ముందు రెండు పూటలా తీరుబడిగా కూర్చునేవాడు. సాయంత్రానికి తలలో చీమలు పలచబడేవి. మనసు పెట్టి కూర్చుంటే దేవుడు వింటున్నాడు, మిగతా రోజుల్లో హడావుడిగా కూర్చుంటే ఊరుకుంటున్నాడు అని వాచీలాయన లెక్క కట్టుకున్నాడు. ఆ లెక్కే ఆయనకు ఓదార్పు. అందుకని మిగతా రోజుల్లో కూడా ఇంకాస్త ముందుగా లేవడం మొదలుపెట్టాడు. నిద్ర తగ్గింది, కసురు పెరిగింది, దురద ఉన్నచోటే ఉంది.

ఇదంతా ఎలాగో భరించేవాడేమో గాని, మధ్యలో అక్క వాచీ ఒకటుంది.

అక్క పెద్దాసుపత్రిలో నర్సు. ఉద్యోగం వచ్చిన కొత్తలో, సెకన్ల ముల్లు ఉన్న చిన్న స్టీలు వాచీ కొనుక్కుంది, రోగుల నాడి చూడటానికి. తమ్ముడు అప్పుడే పనిలో చేరిన కుర్రాడు. నాకూ పని వచ్చిందని చూపించుకోవాలన్న ఉబలాటంలో, డ్యూటీ నుంచి వచ్చి పడుకున్న అక్క దిండు కింద నుంచి వాచీ తీసి విప్పాడు. లోపల హెయిర్ స్ప్రింగ్ అని ఒకటుంటుంది. వెంట్రుకంత సన్నటి తీగ, నత్తగుల్లలా చుట్టలు చుట్టుకుని ఉంటుంది. వాచీకి ఊపిరి అదే. అది పట్టకారుకి చిక్కుకుని, జడ విప్పినట్టు సాగిపోయింది. పని నేర్పే గురువుగారు చూసి తిట్టలేదు. ఇలాంటిదే ఇంకొకటి దొరకాలి, దొరికేనాటికి నీ చెయ్యి కుదరాలి అన్నారు. చెయ్యి కుదిరింది. గురువుగారు కాలం చేశారు. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది, స్ప్రింగు మాత్రం దొరకలేదు. అక్క ఉద్యోగమంతా వార్డు గోడ గడియారం చూసో, పక్కవాళ్ల వాచీ అడిగో నాడులు లెక్కపెట్టుకుంది. పల్లెత్తు మాట అనలేదు. కలిసినప్పుడల్లా "నా వాచీ ఏ ఊరు చేరిందిరా?" అని మాత్రం అడిగేది. ఆ ప్రశ్నకి జడిసి తమ్ముడు అక్క గుమ్మం తొక్కడం తగ్గించాడు. తల దురద గురించి నర్సు అక్కకి చూపించుకోకపోవడానికీ అదే కారణం.

ఈ నెలాఖరుకి అక్క రిటైరవుతోంది. సరిగ్గా ఇప్పుడే, షావుకారు తుక్కు కింద కొన్న పాత వాచీల డబ్బాలో అదే రకం వాచీ ఒకటి బయటపడింది. పైన తుప్పు పట్టినా లోపల స్ప్రింగు బంగారంలా ఉంది. వాచీలాయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కదల్లేదు. అక్క చివరి డ్యూటీలో తన వాచీతోనే నాడి చూడాలి. అంతకంటే ఆయనకు కోరిక లేదు.

మధ్యాహ్నం పని తగ్గిన వేళ బల్ల మీద తెల్లకాగితం పరిచి కూర్చున్నాడు. స్ప్రింగుని పట్టకారుతో ఎత్తాడు. సరిగ్గా అప్పుడు చెవి వెనక ఎవరో అగ్గిపుల్ల గీసినట్టయింది. ఎడమచెయ్యి లేవబోయింది, వద్దని ఆపాడు, ఆ ఆపడంలో కుడిచెయ్యి అదిరింది. స్ప్రింగు బయటి చుట్ట వంగి లోపలి చుట్టకి అంటుకుపోయింది.

విరగలేదు. వంగినదాన్ని సరిచెయ్యొచ్చు, కాని దానికి రాయిలాంటి చెయ్యి కావాలి. ఆయన దాన్ని చిన్న గాజు బుడ్డిలో పెట్టి మూత బిగించాడు. తర్వాత రెండు చేతులతో కసితీరా తల గోక్కున్నాడు. తెల్లకాగితం మీద పొట్టు రాలింది.

ఆ వారంలోనే ఒక ఖాతాదారు బాగుచేయించుకుపోయిన వాచీ వెనక్కి తెచ్చాడు. బల్ల మీద పెట్టి, తొమ్మిది అంకె దగ్గర చూడండి అన్నాడు. అద్దం కింద, నల్లటి డయలు మీద, తెల్లటి పొలుసు ఒకటి తీరిగ్గా పడుకుని ఉంది.

"మా వాచీలో మంచు పడుతోందండీ. గొడుగు కూడా మీరే ఇస్తారా?" అన్నాడు.

దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వారు. షావుకారు కూడా నవ్వి, ఆ మనిషి వెళ్లాక నవ్వు ఆపాడు. ఆయన చెడ్డవాడు కాదు. తల బాగయ్యేదాకా అద్దాల గది వద్దు, ముందు బల్ల దగ్గర బ్యాటరీలు మార్చు, పట్టీలు బిగించు అన్నాడు. సన్నపని వేరే దుకాణానికి పంపిస్తానన్నాడు. అప్పటికీ తగ్గకపోతే ఆలోచిద్దాం అన్నాడు. ఏమి ఆలోచిస్తాడో చెప్పలేదు. చెప్పకుండానే అర్థమైంది.

భార్య చెయ్యి పట్టుకుని చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది. ఆవిడ చల్లటి మనిషి. దీపం కింద జుట్టు పాయలు పాయలుగా తీసి చూసింది. నూనె మానెయ్యమంది, ఎర్రబడ్డ మాడుకి నూనె మేత అవుతుందని. వేడినీళ్లు వద్దు, గోరువెచ్చనివి చాలు. ఈ షాంపూ పెట్టి కాసేపు అలాగే ఉంచి, నురగ పోయేదాకా కడగండి. రాత్రి ఈ లోషను రాసుకోండి. దురద తట్టుకోలేకపోతే గోరు పెట్టొద్దు, గోకితే చర్మం పగిలి ఇంకా దురద పుడుతుంది, అది అంతులేని తిరగలి. తడిగుడ్డ అదిమి పట్టుకోండి. అన్నీ చెప్పి, నుదుటి మీద, చెవుల పైన, వెనక మెడ దాకా ఒక వరసలో ఎర్రదనం ఎక్కువగా ఉందని, పనిలో తలకి ఏమన్నా పెట్టుకుంటారా అని అడిగింది. టోపీ, హెల్మెట్, తలగుడ్డ లాంటివి.

"ఏమీ పెట్టుకోనండీ. నీడపట్టున కూర్చుని చేసే పని" అన్నాడు వాచీలాయన. మనస్ఫూర్తిగానే అన్నాడు.

బ్యాటరీల బల్ల దగ్గర రోజులు గడుస్తుంటే దురద నిజంగానే తగ్గింది. ఎరుపు తగ్గింది, పొట్టు తగ్గింది. ఒక పొద్దున దేవుడి ముందు కూర్చుని లేచేదాకా రెండు చేతులూ జోడించే ఉన్నాయని లేచాక గాని గమనించలేదు. కళ్లు చెమర్చాయి. షాంపూ మీద నమ్మకం లేక కాదు, తెల్లారకముందే లేచి కూర్చున్నందుకు దేవుడు దయతలిచాడనే అనుకున్నాడు. అత్తగారు నిమ్మకాయ ఆలస్యంగా పనిచేసిందంది.

షావుకారు తల వంచమని చూసి, సరే పో అన్నాడు. వాచీలాయన అద్దాల గదిలోకి పెళ్లికొడుకులా నడిచి వెళ్లాడు. గాజు బుడ్డి తీసి బల్ల మీద పెట్టుకున్నాడు, కాని తొందరపడలేదు. ముందు చెయ్యి అలవాటు పడాలని మామూలు రిపేర్లు చేశాడు. సాయంత్రానికల్లా చెవి పైన చీమ తిరిగింది. రెండోరోజుకి దాని చుట్టాలు దిగారు. మూడోరోజు పొద్దున దేవుడి ముందు మళ్లీ ఒంటిచేతి దండమే.

ఆయన ఆ పూట ప్రార్థన సగంలో లేచిపోయాడు. ఇన్నేళ్లలో అలా ఎప్పుడూ చెయ్యలేదు. ఇచ్చినట్టే ఇచ్చి లాక్కోవడం ఏమి మర్యాద అని మనసులో అన్నాడు, అని భయపడ్డాడు. నా వల్ల ఏం తప్పు జరిగిందో చెప్పకుండా ఇలా శిక్ష వేస్తే నేను దిద్దుకునేదెలా అని మళ్లీ అడిగాడు. ఆ విసురులో మధ్యాహ్నం భోజనం డబ్బా ఇంట్లోనే మర్చిపోయి వెళ్లిపోయాడు.

భార్య దుకాణానికి ఎప్పుడో గాని రాదు. ఆ రోజు డబ్బా పట్టుకుని, పొద్దున్నే తినకుండా పోయిన మనిషిని నాలుగు మాటలని వెళ్దామని వచ్చింది. అద్దాల గది గుమ్మంలో నిలబడింది. ఆయన అప్పుడే పనికి కూర్చుంటున్నాడు. ముందు డ్రాయరు లాగి, మెత్తటి గుడ్డలో చుట్టి ఉన్న వస్తువు బయటికి తీశాడు. అది గురువుగారి భూతద్దం. తలకి కట్టుకునే పట్టీకి బిగించి ఉంటుంది, దించుకుంటే కళ్ల ముందుకి వస్తుంది. గురువుగారు పోయాక ఆయన ఇల్లాలు పిలిచి చేతిలో పెట్టింది. గురువుగారు వాడిన రోజుల్లో ఆ పట్టీ చెమటకి నల్లగా జిడ్డు కట్టి ఉండేది. అంతటి మనిషి వస్తువు అలా మాసి ఉండటం శిష్యుడికి నచ్చలేదు. తన చేతికి వచ్చిన రోజు నుంచి పనికి కూర్చునే ముందు దాన్ని శుభ్రం చెయ్యనిదే తలకి పెట్టుకోలేదు.

భార్య చూస్తుండగా ఆయన చక్రాలు కడిగే సీసా వంచి గుడ్డ తడిపి పట్టీ పొడుగునా తుడిచాడు. పట్టీ లోపల మెత్తగా ఉండటానికి అంటించిన స్పాంజి ఆ తడిని గుటుక్కున తాగింది. రెండు చేతులతో ఎత్తి కళ్లకద్దుకుని, తలకి బిగించుకున్నాడు.

గదిలో నిండిన వాసన ఆవిడకు కొత్తది కాదు. రోజూ మార్చే దిండుగలీబు వాసన.

"ఏమిటండీ అది?"

"ఏది?"

"నెత్తిన పెట్టుకున్నది."

"ఇదా, గురువుగారి అద్దం" అన్నాడు, అంతమాత్రం తెలియదా అన్నట్టు.

"డాక్టరమ్మ అడిగితే తలకేమీ పెట్టుకోనన్నారు."

"ఇది పెట్టుకోవడమేమిటి, ఇది పని" అన్నాడాయన. అని, నోరు తెరుచుకునే ఉండిపోయాడు.

ఆవిడ దగ్గరికొచ్చి పట్టీ కొంచెం పైకెత్తింది. దాని కింద, సరిగ్గా దాని వెడల్పున, ఎర్రటి చాలు నుదుటి నుంచి చెవి మీదుగా వెనక్కి పోయింది. చేలో నాగలి తోలినట్టుంది. ఏ రోజు నుంచి తుడుస్తున్నారని అడిగింది. గురువుగారు పోయినప్పటి నుంచి. దురద ఏ రోజు నుంచి? లెక్క వేసి చూసుకుంటే ఇంచుమించు అప్పటి నుంచే. బ్యాటరీలు మార్చినన్నాళ్లూ ఇది పెట్టుకున్నారా? లేదు. సెలవురోజున? డ్రాయర్లో ఉంటుంది.

ఆవిడకు కోపం, నవ్వు కలిసి వచ్చాయి. ఏది ముందు రానివ్వాలో తేలక డబ్బా బల్ల మీద ఠప్పున పెట్టింది. "మా అమ్మ చేత నిమ్మకాయలూ ఉల్లిపాయలూ రుద్దించుకున్నారే గాని, నెత్తిన రోజూ పెట్రోలు పోసుకుంటున్నానని ఒక్క ముక్క చెప్పారా?"

ఇంకొకరైతే సంతోషించేవాళ్లు. వాచీలాయనకు మొహం మాడిపోయింది. గురువుగారి వస్తువు నాకెందుకు చెడు చేస్తుందని వాదించాడు. ఆయన మాసిన పట్టీ ఆయన్నేమీ చెయ్యలేదు, నేను శుభ్రం చేసినందుకు నన్ను కాటేస్తుందా అన్నాడు. భార్య ఓపిగ్గా, పట్టీ ఏమీ చెయ్యలేదు, మీ శుభ్రమే చేసింది అంది. అది ఆయనకి తగలాల్సిన చోటే తగిలింది. కాసేపు స్ప్రింగు బుడ్డిని అటూ ఇటూ తిప్పి, అసలు బాధ బయటపెట్టాడు.

"అయితే సెలవురోజు తగ్గింది నేను దేవుడి ముందు కూర్చున్నందుకు కాదన్నమాట."

ఆవిడ బల్ల మీద పొట్టు కొంగుతో దులిపింది. "అది నాకు తెలియదండీ. కూర్చోవడం మందు కోసమైతే ఇక మానెయ్యండి. కాకపోతే కూర్చోండి. ఇందులో నన్ను అడగడానికేముంది?"

ఆ రాత్రే ఆవిడ పాత స్పాంజి ఊడబీకి, ఉతికిన నూలుగుడ్డ మడతపెట్టి పట్టీకి కుట్టింది. ఇలాంటివే మరికొన్ని కుట్టి, మాసినప్పుడు విప్పి మార్చేలా గుండీలు పెట్టింది. పెట్రోలు సీసాకీ పట్టీకీ ఇక చుట్టరికం లేదని ఒట్టు వేయించుకుంది. ఊడిన స్పాంజి ఆయన పారేయలేకపోయాడు. చెత్తబుట్ట దాకా వెళ్లి, ఒకసారి కళ్లకద్దుకుని, అప్పుడు వేశాడు.

దురద మర్నాడే మాయం కాలేదు. ఆయనకు దాని మీద కోపం వచ్చేది, కారణం తెలిశాక కూడా సిగ్గులేకుండా ఉండిపోయిందేమని. డాక్టరమ్మకి వెళ్లి చెప్తే, ఆవిడ చీటీ మీద ఏదో కొట్టేసి ఇంకేదో రాసి, చర్మం మరిచిపోవడానికి టైము పడుతుంది, తడిగుడ్డ అదుముతూ ఉండండి అంది. అదిమాడు. బల్ల పక్కన గిన్నెలో నీళ్లు, గుడ్డ పెట్టుకుని, చీమ కదిలినప్పుడల్లా పట్టకారు కింద పెట్టి, గుడ్డ అదిమి, చల్లబడ్డాక మళ్లీ అందుకునేవాడు. పని నత్తనడక నడిచింది. షావుకారు గుమ్మంలోంచి తొంగిచూసి వాచీలకా, నీ తలకా రిపేరు అని వెక్కిరించి పోయేవాడు. నెలాఖరు ముంచుకొస్తోంది.

పొద్దున కూర్చోవడం మానలేదు. తెల్లారకముందు లేవడం మాత్రం మానాడు. అడగడానికి ఏమీ తోచక ఊరికే కూర్చుంటున్నాడు. గోళ్ల సంగతి ఇప్పటికీ తేలలేదు. తేలకపోయినా కూర్చోవచ్చునని మాత్రం తెలిసింది.

నెల చివరి రోజుకి ముందురోజు మధ్యాహ్నం, అద్దం కళ్ల ముందుకి దించుకుని, రెండు పట్టకార్లతో వంగిన చుట్టని పట్టుకున్నాడు. లాగలేదు. నిద్రపోతున్న పసిపిల్ల వేలు విప్పినంత నెమ్మదిగా నొక్కాడు. అంటుకున్న చుట్ట విడివడి, వెనక్కి తన చోటికి వెళ్లింది. తల ఊరికే ఉంది. అక్క వాచీలో చక్రాన్ని కూర్చోబెట్టి ఊదితే అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. అద్దం బిగించే ముందు డయలు మీద ఏమన్నా పడిందా అని వెలుతురుకి అటు తిప్పి, ఇటు తిప్పి, మళ్లీ అటు తిప్పి చూశాడు. మంచు లేదు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లాడు. అక్క వార్డు గుమ్మంలో చార్టులు సర్దుతోంది. తమ్ముణ్ణి చూసి కళ్లజోడు పైకి తోసుకుంది.

"ఏరా, దారి తప్పావా? నా వాచీ..."

మాట పూర్తి కాకముందే చేతిలో పెట్టాడు. అక్క దాన్ని చెవి దగ్గర పెట్టుకుంది. చుట్టూ మంచాల చప్పుడు, ట్రాలీల చప్పుడు. రెండో చెవి వేలితో మూసుకుని విన్నది. మొహంలో ఎప్పటిదో పాతికేళ్ల పిల్ల ఒకసారి తొంగిచూసి పోయింది.

"రోజుకి కాస్త ముందుకెళ్తుందక్కా" అన్నాడు, పనివాడి నిజాయితీ కొద్దీ.

"వెళ్లనీరా. ఇన్నాళ్లూ కదలకుండా ఉందిగా." మణికట్టు లావెక్కింది, పట్టీ చివరి కన్నానికి గాని అందలేదు. బిగించుకుని చెయ్యి తిప్పి చూసుకుంది. "పో, ఇక నీకూ నాకూ చెల్లు."

ఆయనకు ఏదో చెప్పాలనిపించింది. అక్క అప్పటికే వార్డులోకి నడిచింది. కిటికీ పక్క మంచం మీది ముసలాయన మణికట్టు పట్టుకుని, కొత్తగా వచ్చిన పాత వాచీ కేసి తల వంచింది. ముసలాయన ఏదో అడగబోతే, లెక్క తప్పుతుందని వేలెత్తి ఆగమంది.